పిట్ట ముట్టకముందే

ఒక మాట సూటిగా అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. మీ ఇంట్లో చనిపోయినవాళ్లకు పెత్రమాస నాడు ఏమేం వండిపెట్టాలో మీకు నోటికి వచ్చు. ఎవరికి గారెలు ఇష్టమో, ఎవరికి కల్లు లేకపోతే ముద్ద దిగదో, పప్పులో పులుపు ఎక్కువైతే అలిగేది ఎవరో అన్నీ గుర్తే. మరి బతికున్న మీ ఒంట్లో పారుతున్న రక్తం ఏ గ్రూపో చెప్పగలరా?

కోపంగానే అడుగుతున్నాను. పోయిన వారం మా పాత గల్లీ వాళ్ల ఫోను గ్రూపులో ఒక కబురు వచ్చింది. ఎవరి కోడలో కాన్పుకు పోయింది, రక్తం చాలా పోతున్నది, 'ఓ' గ్రూపు రక్తం ఉన్నవాళ్లుంటే జల్ది దవాఖానకు రమ్మని. చూస్తుండగానే జవాబులు వరదలా వచ్చిపడ్డాయి. అన్నీ చేతులు జోడించిన బొమ్మలే. ఒకాయన దీపం బొమ్మ పెట్టాడు. ఒకావిడ అమ్మవారి ఫొటో పెట్టి, దీన్ని ఇంకొందరికి పంపితే మంచి జరుగుతుందని రాసింది. "వస్తున్న" అన్నవాడు ఒక్కడు లేడు. చివరికి ఆ గ్రూపులో లేని ఆటో డ్రైవరెవరో దవాఖాన గేటు దగ్గర విషయం విని, లోపలికి పోయి ఇచ్చి వచ్చాడట. నేను పెద్ద జవాబు రాశాను. మళ్లీ చదువుకొని చెరిపేశాను. అరిచి మనుషుల్ని మార్చవచ్చని నమ్మిన వయసు దాటిపోయింది. ఫోను పక్కన పడేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఉన్నకాలంలో కూడా ఒక ఏడాది పాటు ఈ చెవులు ఇంట్లో మాట వినలేదు. ఆ ఏడాది గురించి, అది ముగిసిన రోజు గురించి చెప్పాలనిపించింది.

ఎనభైల్లో గోదావరిఖనిలో ఒక రేకుల ఇంట్లో అవ్వ, నేను, తమ్ముడు ఉండేవాళ్లం. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం. బాపు మా చిన్నతనంలోనే పోయాడు. ఇంటి వెనక నడుమెత్తు గోడ, గోడకు అవతల ప్రాథమిక బడి. తెల్లారితే గల్లీ గల్లీ అంతా బొగ్గు పొయ్యిలు రాజేసేది. పొయ్యిని వాకిట్లో పెట్టి, తెల్లటి పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కణకణమన్నాక లోపలికి తెచ్చుకునేవాళ్లు. ఆ పొగ పోయేదాకా ఎదురింటి మనిషి కూడా గొంతును బట్టే తెలిసేది. దండెం మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. నేను బడిపంతులును గనుక తెల్లచొక్కాలే తొడిగేవాణ్ని. తమ్ముడు బాయిలో పనిచేసేవాడు. బాయి అంటే మా దగ్గర నీళ్ల బావి కాదు, బొగ్గుగని. షిఫ్టు దిగి వచ్చాక ఎంత రుద్దినా వాడి కనురెప్పల అంచుల్లో బొగ్గు మిగిలేది, కాటుక పెట్టుకున్న పెళ్లికొడుకులా ఉండేవాడు. నా చొక్కా చూసి నవ్వేవాడు.

"అన్నా, నేను బాయిల దిగి నల్లగైతున్న. నువ్వు దిగకుంటనే నల్లగైతున్నవ్. జీతమే ఫరక్."

నా గురించి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నాకు చర్చల పిచ్చి. ఆదివారం సాయంత్రాలు ఒక హోటలు మిద్దె మీద కొందరం చేరి దేవుడు, దయ్యం, బాణామతి, జాతకం వీటన్నిటినీ వరసగా పట్టుకొని ఉతికేవాళ్లం. ఆ మిద్దె మీద ఫ్యాను ఉండేది. వచ్చినవాళ్లలో ఎందరు సత్యం కోసం వచ్చారో, ఎందరు ఫ్యాను కోసం వచ్చారో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు. ఇంటికి వచ్చాక కూడా నా ఉపన్యాసం ఆగేది కాదు. వినడానికి తమ్ముడు ఉండేవాడు గదా. బాయి మీద మైసమ్మ గద్దె ఉంటుంది. కిందికి దిగేముందు ప్రతివాడూ అక్కడ ఒక క్షణం చెయ్యి ఎత్తి మొక్కి దిగుతాడు. వాడూ మొక్కేవాడు. "నువ్వు మొక్కితే పైకప్పు ఆగుతుందారా?" అని ఒకరోజు నిలదీశాను. వాడు అన్నం కలుపుతూనే అన్నాడు: "ఆగదన్నా. కని మొక్కకుంటె నా కాళ్లు ముందుకు పడయి. నీకేందే, సుద్దముక్క నెత్తిమీద కూలదుగద." అవ్వ ముసిముసిగా నవ్వింది. ఆ పూట చర్చలో నేను ఓడిపోయాను, కానీ ఒప్పుకోలేదు. చర్చల్లో పెరిగినవాళ్లకు ఉండే జబ్బు అది.

ఆ తమ్ముణ్ని బాయి మింగలేదు. ఒక చలికాలం పొద్దున, మంచులో, మొదటి షిఫ్టుకు సైకిలు తొక్కుకుంటూ పోతుంటే లారీ తగిలింది. తొడ నలిగిపోయింది. దవాఖానలో డాక్టర్లు ఆపరేషనుకు అంతా సిద్ధం చేశారు. రక్తం కావాలి, ఒకరిద్దరిది చాలదు అన్నారు. ఇప్పటిలాగ సంచుల్లో పెట్టి దాచిన రక్తం ఆనాడు మా ఊళ్లో దొరికేది కాదు. మనిషి కావాలి, అప్పటికప్పుడు చెయ్యి చాపే మనిషి. వాడిది ఓ గ్రూపు. నాది కలవలేదు. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే కంచంలో తిన్నాం, నా రక్తం మాత్రం వాడికి విషమట. అవ్వ చెయ్యి చాపింది. ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, నీకే రక్తం లేదమ్మా పో అన్నారు. మా ఎదురింట్లో మోటారు మెకానిక్ ఉండేవాడు, ఇంట్లో దఖ్ఖనీ ఉర్దూ, గల్లీలో తెలుగు మాట్లాడేవాడు, అందరం భాయ్ అనేవాళ్లం. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఉరికి వచ్చాడు. అదృష్టం కొద్దీ ఆయనది ఓ గ్రూపే. ఒక సీసా ఇచ్చాడు. "ఇంకోటి తీయుండ్రి, ఏం గాదు నాకు" అని కొట్లాడాడు గానీ వాళ్లు తీయలేదు.

తమ్ముడితో పనిచేసే ముఠా మొత్తం దవాఖాన మెట్ల దాకా వచ్చింది. రాయిని పిండి చేసే జబ్బలు వాళ్లవి. ముందు వాళ్ల సర్దారు నిలబడ్డాడు, బాయి కింద తమ్ముడి పని చూసే పెద్దమనిషి, తమ్ముణ్ని సొంత కొడుకులా చూసుకునేవాడు. వాళ్ల గ్రూపులు కలుస్తాయో లేదో చూడటానికి వేలి మీద చిన్న సూదిపోటు చాలు. ఆ పోటుకు ఒక్కరు ముందుకు రాలేదు. భయపెట్టింది సూది కాదు. రక్తం ఒకసారి పోతే తిరిగిరాదని, ఇచ్చినవాడు మళ్లీ బాయిలో దిగలేడని, నడుము పట్టేస్తుందని, మెడికల్‌లో అన్‌ఫిట్ రాస్తారని బొగ్గు బెల్టు మొత్తం పాకిన నమ్మకం. రోజూ చెమటగా కారిపోయేదే చాలు, ఉన్న కాస్తా ఇచ్చేస్తే పెళ్లాంపిల్లల గతేమిటి అని ఒక్కొక్కరు తలవంచుకొని మెట్లు దిగారు. దీపాలు పెట్టే వేళకు తమ్ముడు పోయాడు.

అప్పుడు నేను చేసిన పని, ఇవాళయినా అదే చేస్తాను. కర్మకాండ వద్దన్నాను. మూడో దినం పిట్టకు పెట్టుడు వద్దన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఇస్తరాకులో పెట్టి గోడ మీదో బండ మీదో ఉంచుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంటివాళ్లు, వచ్చినవాళ్లు ఎవరూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. పిట్ట రాకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరు లేచి, నీ పిల్లల్ని చూసుకుంటం, నీ అప్పు తీరుస్తం అని గోడతో మాట్లాడి మాట ఇస్తారు. బతికున్నప్పుడు ఇవ్వని రక్తం, చచ్చాక పెట్టే కూర, ఈ రెండూ నాకు ఒకే గొంతులో దిగలేదు. చుట్టాల ముందు నిలబడి అదే మాట అన్నాను. మేనమామ ఉమ్మేసి లేచిపోయాడు. మిగతావాళ్లు ఆయన వెంట పోయారు. మిద్దె మీది మిత్రులు మాత్రం చెయ్యి పట్టి ఊపి, గొప్ప ధైర్యం చూపావని మెచ్చుకున్నారు. మెచ్చుకొని వాళ్లూ ఇళ్లకు పోయారు.

అవ్వ ఒక్కమాట అంది: "వానికి ముద్ద పెట్టనియ్యవైతివి గద, పెద్దోడా." ఆ తరువాత నాతో మాట్లాడటం మానేసింది.

ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఏడాది ఎట్లా గడుపుతారో మీకు తెలియకూడదని కోరుకుంటాను. ఆమె పొద్దున్నే పొయ్యి రాజేసేది, వండేది, నా టిఫిను కట్టి గూట్లో పెట్టేది. నేను వచ్చి తీసుకునేవాణ్ని. ఉప్పు తక్కువైతే చెప్పేందుకు లేదు, ఎక్కువైతే తిట్టేందుకు లేదు. వాన పడితే దండెం మీది బట్టలు ఇద్దరం ఉరికి తీసేవాళ్లం, ఒకరి మొహం ఒకరు చూడకుండా. తమ్ముడి తువ్వాల నల్లమరకతో అట్లనే కొయ్యకు వేలాడేది. అది తీయాలని ఆమెకు లేదు, నాకు లేదు, కానీ ఇద్దరికీ లేదని ఇద్దరికీ తెలియదు. షిఫ్టు సైరన్ కూసినప్పుడల్లా ఆమె చేతిలో పని ఒక నిమిషం ఆగిపోయేది. నేను పుస్తకం మీద నుంచి కళ్లెత్తేవాణ్ని కాదు. రాత్రి రేకుల మీద చలికి చప్పుడయితే, లోపలి గదిలో ఆమె మేలుకొనే ఉందని తెలిసేది. గోడ అంత మందం లేదు, మాట దాటిపోవచ్చు. దాటలేదు.

మొదటి సంవత్సరం దగ్గరపడింది. మా దగ్గర దాన్ని యాడాది అంటారు. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. వాడి పేరు మీద ఆ రోజు రక్తదాన శిబిరం పెట్టాలి. జిల్లా కేంద్రానికి పోయి, తిరిగి తిరిగి, ఒక డాక్టరమ్మను ఒప్పించాను. వ్యాను, మంచాలు, ఐసు పెట్టెలు వాళ్లే తెస్తారు, మనుషుల్ని నేను తేవాలి, మధ్యాహ్నం దాటితే ఆగరు. గోడ అవతలి బడి గదులు అడిగి తీసుకున్నాను. ఇక కరపత్రం రాశాను చూడండి, ఇప్పుడు చదివితే నాకే నవ్వొస్తుంది. ఎముక మజ్జలో రక్తం ఎట్లా తయారవుతుందో మొదలుపెట్టి మూఢనమ్మకాల పునాదులు కదిలించేదాకా పోయాను. బాయి గేటు దగ్గర నిలబడి షిఫ్టు దిగేవాళ్లకు పంచాను. మర్యాదగా తీసుకున్నారు. మరుసటి రోజు మిరపకాయ బజ్జీలు ఆ కాగితంలోనే పొట్లం కట్టి ఇచ్చాడు హోటలాయన. ఎవరి క్వార్టరుకు పోయినా చాయ పోశారు, కూర్చోమన్నారు, "సూద్దం సారూ" అన్నారు. మా దిక్కు సూద్దం అంటే రాలేమని అర్థం. అందరం కాక అని పిలిచే సర్దారు ఇంటికి పోతే ఆయన వెనక తలుపు నుంచి బయటికి పోయాడని వాళ్ల మనుమరాలే అమాయకంగా చెప్పింది.

ఒకరూ రాకపోతే? శిబిరం ఖాళీగా ఉంటే తమ్ముడు రెండోసారి చచ్చినట్టే అనిపించింది. అవ్వకు పిట్టకు పెట్టుడు లేకుండా చేశాను, దాని బదులు నేను పెట్టిన వేడుకకు మనిషి లేకుండా పోతాడు. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకునే మనిషి ఇంట్లో ఉంది, కానీ లేదు.

ఆ రోజు ప్లేడే, అంటే బాయికి వారం సెలవు. పొద్దున్నే వ్యాను వచ్చింది. డాక్టరమ్మ, ఆమె మనుషులు బల్లలు జరిపి మంచాలు వేశారు. నేను బడి వరండాలో నిలబడి గల్లీ మలుపు వైపు చూస్తున్నాను. గోడ ఇవతల మా ఇంట్లోంచి తాలింపు వాసన వచ్చింది. అవ్వ కోడి కూర వండుతున్నది, చేపల పులుసు కాస్తున్నది. నా మాట కాదని పిట్టకు పెడుతున్నదని అర్థమైంది. మళ్లీ మలుపు వైపు తిరిగాను. ముందు భాయ్ వచ్చాడు, తలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కాతో. "నాష్తా చేసి వచ్చిన మాస్టర్ సాబ్, ముందు నాదే తీయుండ్రి" అని మంచం ఎక్కాడు. ఆయన సీసా నిండింది. ఇంకెవరూ లేరు. డాక్టరమ్మ గడియారం చూసుకుంది, నన్ను చూడకుండా మర్యాదగా.

అప్పుడు మలుపు దగ్గర కనిపించారు. ముందు సర్దారు కాక, వెనక ముఠా, వాళ్ల వెనక వేరే బాయిల వాళ్లు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. అందరూ తలస్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకున్నారు. ఒకాయన చేతిలో కల్లుసీసా, ఇంకొకాయన జేబులో తమ్ముడు తాగే సిగరెట్ల పెట్టె. కరపత్రం పనిచేసిందా అనుకున్నాను. ఆశకు అంతు ఉండదు గదా.

"కాగితం సదివి వచ్చిండ్రా కాకా?" అని అడిగాను.

"ఏం కాగితం సారూ? అవ్వ వచ్చి పిలిచింది గద ఇంటింటికి. నా చిన్నోని యాడాది, రాండ్రి. పెద్దోడు నెత్తురు అడుగుతుండు, ఇయ్యబుద్ధయితె ఇయ్యుండ్రి, లేకుంటె పిట్టకు పెట్టిన కాడ దండం పెట్టి పోండ్రి అన్నది."

నాతో మాట్లాడని మనిషి ఊరంతా తిరిగి నా మాట మోసింది. గోడ వైపు తిరిగి చూశాను. ఆమె ఇస్తరాకు గోడ మీద పెట్టి, కొంగు సర్దుకుంటూ ఆకాశం వైపు చూస్తున్నది. నన్ను చూడలేదు.

వచ్చినవాళ్లలో ముందు సర్దారు కాక మంచం మీద కూర్చున్నాడు. చొక్కా చేయి మడిచాడు. డాక్టరమ్మ అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది: "పొద్దున ఏం తిన్నారు?"

"ఏం తినలే మేడం. యాడాది గద. పిట్ట ముట్టినంక తింటం."

"మీరు?" అని వెనకాయనను అడిగింది. ఆయనా తినలేదు. వరండాలో నిలబడినవాళ్లెవరూ తినలేదు. కొందరు ముందురోజు రాత్రి నుంచి ఒక్కపొద్దు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు అందరూ ఉపవాసంతో వచ్చారు. చచ్చినవాడి పేరు మీద చేసే పని ఏదైనా కడుపు మాడ్చుకునే చెయ్యాలి, అది వాళ్లకు నీళ్లంత సహజం. డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. "ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర నేను తీయను. కళ్లు తిరిగి పడితే, ఇంక ఈ ఊళ్లో జన్మలో ఎవరూ ఇవ్వరు. ముందు తినమనండి."

ఆమె చెప్పింది నిజం. ఒక్కడు పడిపోతే చాలు, సాయంత్రానికల్లా బెల్టు మొత్తం తెలిసిపోతుంది. నేను చర్చకు దిగాను. పిట్టకు, ప్రాణానికి సంబంధం లేదన్నాను. కాకికి ఆకలైతే వస్తుంది, లేకపోతే రాదన్నాను. అన్నీ నిజాలే. వాళ్లు తలలూపారు, కదల్లేదు.

"సచ్చినోని కంటె ముందుగాల మేం తింటమా సారూ? గట్ల ఎట్లయితది?" అన్నాడు సర్దారు కాక. "జరసేపు ఆగుండ్రి, పిట్ట వస్తది."

పిట్ట రాలేదు. అందరూ బడి గోడ దగ్గరికి చేరి ఆకాశం చూస్తూ నిలబడ్డారు. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని దిక్కు నుంచి దుమ్ము లేస్తున్నది. ఇస్తరాకు మీద ఈగలు తప్ప ఏమీ వాలలేదు. ఉండబట్టలేక ఒకడన్నాడు, "కాకులు గూడ బ్లాస్టింగుకు భయపడి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నయా ఏందే?" ఇంకొకడు, "వానికి కోడికూర కాదురా ఇష్టం, చేపల పులుసు ముందల జరుపుండ్రి" అన్నాడు. "కన్నతల్లికి తెల్వదా, నీకు తెలుసా? మూస్కో" అని ఆడవాళ్లలో ఒకామె కసిరింది. ఒకాయన సిగరెట్టు వెలిగించి ఆకు పక్కన పెట్టాడు. ఇంకొకాయన కల్లు ఒంపాడు. అవ్వ గోడకు మా ఇంటి వైపున కదలకుండా నిలబడి ఉంది. వ్యాను డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు.

ఇక మాట ఇచ్చుడు మొదలయింది. కోరిక మిగిలిందేమోనని ఒక్కొక్కరు గోడతో మాట్లాడారు. మీ అవ్వను మేం సూసుకుంటం, రారా, అన్నారు. సర్దారు కాక అందరికంటే చివర వచ్చాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. ఎప్పటి బొంగురు గొంతుతోనే మాట్లాడాడు.

"తమ్మీ, ఆనాడు దవాఖాన మెట్ల దాక వచ్చిన. లోపట నువ్వు ఎట్లున్నవో తెలుసు. అయినా ఎనక్కి మర్లిన. మల్ల బాయిల దిగనేమో, పిల్లగాండ్లు ఉపాసం పండుతరేమో అని భయపడ్డ. యాడాది సంది అన్నం సయిస్తలేదు నాకు. ఇయ్యాల ఇస్త బిడ్డా. గందుకే వచ్చిన. నువ్వు వచ్చి ముట్టు, నేను వోయి ఇస్త."

మెట్లు దిగిపోయినవాళ్లందరూ అక్కడే ఉన్నారు. నేను ఏడాది పాటు మనసులో తిట్టుకున్న మొహాలు అవి. పిట్టను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ నా జీవితంలో మొదటిసారి ఒక కాకి రావాలని ఆకాశం వైపు చూశాను. చూస్తుంటే ఆకాశం ఎంత ఖాళీగా ఉంటుందో తెలిసింది. డాక్టరమ్మ బయటికి వచ్చి మెల్లగా అంది, "సార్, ఇంక మేం సర్దుకుంటాం." లోపల ఒక మంచం మడిచిన చప్పుడయింది.

ఆ చప్పుడు అవ్వ విన్నది. గోడ మీది ఇస్తరాకును రెండు చేతులా ఎత్తింది. గోడ పక్క దారి నుంచి తిరిగి బడి వరండాలోకి వచ్చింది. సర్దారు కాక ముందు నిలబడి, అన్నం ముద్ద కలిపి ఆయన నోటి ముందు పెట్టింది. ఆయన వెనక్కి జరిగాడు.

"వద్దు అవ్వా. పిట్ట ముట్టలే."

"పిట్ట రాక సావలే నా కొడుకు," అంది. "నెత్తురు దొరుకక సచ్చిండు. తిను."

ఆమె గొంతులో కోపం లేదు, వేడుకోలు లేదు. పిల్లవాడికి తినిపించేటప్పుడు ఎట్లా అంటుందో అట్లానే అంది. అంత పెద్దమనిషి, కింద చీకట్లో ఎన్నో ఏళ్లు నడిచినవాడు, నోరు తెరిచాడు. నములుతుంటే కళ్లవెంట నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి, తుడుచుకోలేదు. ఆ తరువాత అవ్వ తల తిప్పి నన్ను చూసింది. ఏడాది తరువాత ఆమె నాతో అన్న మొదటి మాట ఇది:

"ఏం సూస్తున్నవ్ పెద్దోడా? ఇస్తర్లు ఎయ్."

వేశాను. బడి వరండాలో, పిల్లలు కూర్చునే బండల మీద వరసగా వేశాను. ఆకులు తలకిందులుగా పడుతున్నాయి. భాయ్ గిన్నెలు మోసుకొచ్చి వడ్డించాడు. డాక్టరమ్మ మడిచిన మంచం మళ్లీ విప్పించింది, వ్యాను డ్రైవరుకు కూడా ఆకు వేయించింది. ఆ పూట తిన్నవాళ్లు ఒక్కొక్కరు చెయ్యి కడుక్కొని లోపలికి పోయి చెయ్యి చాపారు. సర్దారు కాక మంచం మీద పడుకొని, ఎర్రగా నిండుతున్న సీసా వైపే చూశాడు. అయిపోయాక లేచి కూర్చొని, కాళ్లు నేల మీద పెట్టి, ఒకసారి నొక్కి చూసుకున్నాడు. "గింతేనా?" అన్నాడు. "గీ దానికా?" ఆ మాట నవ్వుతూ అనలేదు. మొహం గోడకు తిప్పుకున్నాడు. మరుసటి పొద్దున మొదటి షిఫ్టుకు మామూలుగా బాయిలో దిగాడు. నా కరపత్రాలన్నీ చెప్పలేని మాట ఆ దిగుడు చెప్పింది.

అందరూ పోయాక అవ్వ మిగిలిన అన్నం మళ్లీ ఒక ఆకులో పెట్టి గోడ మీద ఉంచింది. ఆ సాయంత్రం పిట్ట వచ్చిందో లేదో నేను చూడలేదు, ఆమె చెప్పలేదు. మాటలు మొదలయ్యాయి గానీ ఎక్కువ కాదు. ఉప్పు సరిపోయిందా అనేది. సరిపోయింది అనేవాణ్ని. ఏడాది మూగగా ఉన్న ఇల్లు ఒక్కరోజులో మామూలు ఇల్లు కాదు. అది నా తర్కానికి అందిన విషయం కాదు, బతికి తెలుసుకున్నది. తమ్ముడి తువ్వాల కొయ్యకే ఉండిపోయింది.

తొంభైలంతా ప్రతి యాడాదికి శిబిరం నడిచింది. మా గల్లీలో ఒక ఆచారం మారింది: ముందు మనుషులు తిని, రక్తం ఇచ్చి, ఆ తరువాతే పిట్టకు పెట్టేవాళ్లు. ఎవరూ తీర్మానం చెయ్యలేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అవ్వ ఒకసారి చేసింది గనుక అట్లా అయింది. కొందరు పక్కవాడు కాలు విరిగి దవాఖానలో ఉంటే పిలవకముందే పోయి చెయ్యి చాపారు. ఒక కాన్పులో బతికిన పిల్లకు భాయ్ రక్తం ఎక్కింది, ఆ పిల్ల ఆయనను మామూ అని పిలిచేది. తొంభైల చివర అవ్వ పోయింది. సర్దారు కాక రిటైరయి ఊరికి పోయాడు, ఆ తరువాత అక్కడి నుంచే పోయాడు. భాయ్ కూడా లేడిప్పుడు. ఓపెన్‌కాస్టు జరిగి జరిగి వచ్చి మా గల్లీని మింగింది. గోడ లేదు, బడి లేదు. ఆ చోట ఇప్పుడు లోతైన గుంట, అడుగున బొమ్మల్లాంటి లారీలు. నేను వేరే కాలనీలో ఒక్కణ్ని ఉంటున్నాను. శిబిరం పెడితే ఇప్పుడు ఫొటో దిగేవాళ్లు వస్తారు, ఫొటో అయ్యాక పోతారు. కిందటి సారి నేను మంచం ఎక్కబోతే కుర్ర డాక్టరు నా భుజం పట్టి ఆపాడు. "వయసు దాటింది తాతా, మీది తీయం" అన్నాడు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ బయటికి పంపలేదు.

కాలం గాయాలను మాన్పుతుందంటారు. నా అనుభవంలో అది చేసే పని వేరే. గాయాన్ని గుర్తుపట్టేవాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోతుంది, చివరికి గాయం నీ ఒక్కడిదే అయిపోతుంది. తమ్ముడు ఎట్లా నవ్వేవాడో తెలిసినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను.

నాకు మీ సానుభూతి వద్దు. ఈ కాగితం కింద పెట్టండి. రేపు పొద్దున మీకు దగ్గర్లోని దవాఖానకు నడవండి. పోయినవాళ్ల పేరు తలుచుకుంటారో, ఎవరి పేరూ తలుచుకోరో మీ ఇష్టం. చొక్కా చేయి పైకి మడిచి, చెయ్యి చాపండి.